బలికి తెచ్చిన వాక్యం

ఒడీల్ పెరూషూకి మనుషులంటే చులకన. అందరు మనుషులూ కాదు, మెడలో బ్యాడ్జి వేలాడేసుకుని తిరిగేవాళ్ళు. జెనీవాలో ముప్పై ఏళ్ళుగా ఆ బ్యాడ్జీల మధ్యే బతుకుతూ, తన మెడలోనూ ఒకటి ఊగుతుండగానే, ఆమె ఆ చులకనను కన్నబిడ్డలా పెంచుకుంది. ఆమె లెక్కలో రాయబారులంటే అద్దెకు తెచ్చిన నోళ్ళు. కంపెనీల లాయర్లంటే ఇస్త్రీ బట్టల దొంగలు. ఇక తన సొంత మంద, పౌరసంఘాలవాళ్ళు, ఈ ఇద్దరికన్నా అధ్వాన్నం. ఇంటర్నెట్ పాలనలో సామాన్యుడి గొంతు వినబడాలంటూ ఏడాది పొడుగునా విమానాల్లో తిరుగుతారు. పక్క సీట్లో సామాన్యుడు కూర్చుని మాట కలపబోతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుంటారు.

ఆ డిసెంబరులో ఊళ్ళో జరుగుతున్నది అలాంటి బ్యాడ్జీల జాతరే. ఇంటర్నెట్‌ను ఎవరు ఎలా పాలించాలన్న దాని మీద ప్రపంచ సదస్సు. ప్రభుత్వాలు ఒకవైపు, కంపెనీలు ఒకవైపు, ఒడీల్ ముందుండి నడిపే పౌరసంఘాల కూటమి ఒకవైపు. ముగ్గురూ కలిసి ఒక ప్రకటన రాయాలి. ఓట్లు ఉండవు. రాసిన ప్రతి మాటా పెద్ద తెర మీద కనిపిస్తుంది. ఎవరికి ఏది నచ్చకపోయినా దానికి బ్రాకెట్లు తగిలిస్తారు. ఇక బ్రాకెట్లన్నీ ఊడేదాకా బేరమే. ఆఖరున అధ్యక్షుడు, "ఇది అందరికీ మింగుడు పడుతుందా?" అని అడుగుతాడు. ముగ్గురిలో ఏ ఒక్కరు పడదన్నా ప్రకటన ఆగిపోతుంది. ఎవరూ నోరెత్తకపోతే చెక్క సుత్తితో బల్ల మీద ఒక్కటి కొడతాడు. మౌనం అర్ధాంగీకారం అని మనమంటాం. అక్కడ పూర్తి అంగీకారమే.

ఆ బేరంలో ఒక ఆచారముంది. వచ్చేవాళ్ళంతా తలా ఒక మేకను తోలుకొస్తారు. మేక అంటే, వదులుకోవడానికే రాసుకొచ్చిన వాక్యం. దాన్ని ప్రాణంలా చూసుకుంటున్నట్టు నటించాలి. దాని కోసం బల్ల గుద్దాలి, గొంతు పూడిపోవాలి. ఆఖరి రోజున గుండె రాయి చేసుకున్నట్టు మొహం పెట్టి వదిలేయాలి. బదులుగా అవతలివాళ్ళు మనకు నిజంగా కావలసిన వాక్యానికి బ్రాకెట్లు విప్పుతారు. ఏది మేకో సొంతవాళ్ళకు కూడా చెప్పకూడదు, చెబితే వాళ్ళ మొహాలే పట్టిస్తాయి. మేకకు కొవ్వు పట్టించడంలో ఒడీల్‌ను మించినవాళ్ళు జెనీవాలో లేరని పేరు. ఆ పేరంటే ఆమెకు మహా ఇష్టం.

ఈసారి ఆమెకు నిజంగా కావలసింది చాలా చిన్న వాక్యం. ఎవరి సైటు పేరునైనా ఆపేసినప్పుడు, ఆపించింది ఎవరో, ఎందుకో, ఆ సైటువాళ్ళకు రాసి ఇవ్వాలి. అంతే. ఆ వాక్యాన్ని ఆమెకు తెచ్చిచ్చింది మిరేయా తికోనా.

మిరేయా బొలీవియా నుంచి వచ్చి పదిహేనేళ్ళుగా జెనీవా ఇళ్ళలో పిల్లల్ని సాకుతోంది, గచ్చులు తుడుస్తోంది, ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తోంది. ఆదివారం ఒక్క రోజు ఖాళీ. ఆ ఖాళీలో వలసవాళ్ళుండే పేటలో ఒక బట్టల దుకాణం వెనక గదిలో కూర్చుని ఇంటర్నెట్‌లో రేడియో నడిపేది. పేరు రేడియో ఎస్కోబా, అంటే చీపురు రేడియో. తనలాంటి పనివాళ్ళు ఫోన్ చేసి తమ ఇళ్ళ సంగతులు చెప్పుకునేవారు. ఏ ఇంట్లో పాస్‌పోర్టు లాక్కుని బీరువాలో పెట్టారో, ఏ ఇంట్లో వాషింగ్ మెషీన్ పక్కన పరుపేసి పడుకోమన్నారో. పేర్లు చెప్పేవారు కాదు, వీధీ అంతస్తూ చెప్పేవారు. జెనీవాలో ఏ వీధిలో ఏ అంతస్తులో ఏ రాయబారి ఉంటాడో తెలియనిదెవరికి?

ఒక సోమవారం పొద్దున రేడియో మాయమైంది. పేరు కొడితే తెల్లటి తెర. సైటు పేరు అమ్మిన కంపెనీకి రాస్తే, "ఫిర్యాదు అందింది, వివరాలు గోప్యం" అని జవాబు. దాని వెంట రాసినవాటికి ఆ జవాబు కూడా లేదు. మిరేయా ఊరి పక్క కారూజ్‌లో ఉన్న ఒడీల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది అప్పుడే.

"రేడియో పోతే పోయింది, దోన్యా ఒడీల్. ఇంకో పేరు కొనుక్కుంటాం," అంది మిరేయా, కుర్చీ అంచున కూర్చుని. దోన్యా అంటే వాళ్ళ భాషలో అమ్మగారని. "ముందు రోజు ముగ్గురు ఆడవాళ్ళు ఫోన్ చేశారు. మూడిళ్ళ సంగతి చెప్పారు. ఆ మూడిళ్ళలో ఒక యజమాని తన పనిమనిషి గొంతు గుర్తుపట్టాడు. ఫిర్యాదు చేసింది ఆయనే. ఎవరో తెలిస్తే ఆ ఇంట్లో పిల్లను ముందు బయటికి తెచ్చుకుంటాం. తెలియకపోతే ఎవర్ని తేవాలి?"

"ముగ్గుర్నీ తెచ్చేయొచ్చుగా."

"ముగ్గురి కాగితాలూ యజమానుల చేతిలోనే ఉన్నాయి. బయటికొస్తే విమానమెక్కిస్తారు. ఊరికే అనుమానం మీద ముగ్గురి పొట్టా కొట్టమంటారా?"

ఒడీల్‌కు ఏళ్ళ తరబడి ఎవరి మీదా కలగని గౌరవం ఆ మనిషి మీద కలిగింది. ఎంత పెద్ద పెద్ద వాళ్ళు తన ముందు కూర్చుని ఎంత గాలి మూటలు కట్టారు. ఈమె ఒక్క సంగతి అడుగుతోంది, అదీ జవాబున్న సంగతి. సదస్సులో ఏది ఒప్పుకుంటే అది ఆ రోజు నుంచే అమలు చేస్తామని పేర్లమ్మే కంపెనీల సంఘం ముందే సంతకం పెట్టి ఉంది, ప్రకటనలో గాలి తప్ప మరేదీ ఉండదన్న ధీమాతో. ఆ ధీమాలో గుచ్చుకునే ముల్లు ఈ చిన్న వాక్యం. ఒడీల్ వెంటనే మాటిచ్చింది.

"ఇది తెచ్చి నీ చేతిలో పెడతాను. నా పేరు ఒడీల్ పెరూషూ. ఇంతవరకూ ఒక్క బేరం ఓడలేదు," అంది.

మరి మేక కావాలి కదా. దాన్ని ఒడీల్ ట్రామ్‌లో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్‌లో కొట్టింది. "ఇంటర్నెట్ సమస్త మానవాళి సొత్తు, దాని పాలన సమస్త మానవాళి చేతిలోనే ఉండాలి." రాసి నవ్వుకుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది. ఏ ప్రభుత్వమూ, ఏ కంపెనీ కూడా దీన్ని ఛస్తే ఒప్పుకోదు. ఇంత బలిసిన మేకను ఇంతవరకూ ఎవరూ తోలి ఉండరని మురిసిపోయింది.

సదస్సు మొదలైన పొద్దున కూటమి అంతా క్యాంటీన్‌లో కూడింది. బయట సరస్సు మీంచి బీజ్ అనే చలిగాలి చెవులు కోస్తోంది. లోపల ఒడీల్ రెండు వాక్యాలూ చదివింది. పెద్ద వాక్యం వినగానే రూపర్ట్ ఆష్‌కోమ్ కళ్ళు చెమ్మగిల్లాయి. రూపర్ట్ లండన్‌లో ఒక పెద్ద విరాళాల సంస్థ మనిషి. కూటమి విమాన టికెట్లు అతని సంతకం మీదే వస్తాయి కాబట్టి అతని కళ్ళు చెమ్మగిల్లితే మిగతావాళ్ళ కళ్ళూ చెమ్మగిల్లుతాయి. ఏ పేద దేశానికి వెళ్ళొస్తే ఆ దేశపు నేత కండువా మెడలో వేసుకు తిరగడం అతని అలవాటు.

"ఒడీల్, ఇన్నాళ్ళూ మనం చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఇదే," అన్నాడు.

"చెప్పలేకపోవడానికి కారణం ఉందేమో," అంది ఒడీల్.

"ఈ వాక్యం కోసం ప్రాణమిచ్చినా ఇవ్వొచ్చు."

"ముందు కాఫీ ఇవ్వు. ప్రాణం సంగతి తర్వాత చూద్దాం."

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆ ఒక్క వాక్యం మీద పొద్దంతా చర్చ. 'సొత్తు' అన్న మాటలో పెట్టుబడి వాసన వస్తోందని ఒకామె. మానవాళి అంటే తిమింగలాలను వెలివేసినట్టు కాదా అని ఒకాయన, నిజంగానే, నవ్వకుండా. ఆయన మాట కాదంటే వివక్ష అవుతుందేమోనని తిమింగలాల మీద ఒక ఉపసంఘం వేశారు. రెండో వాక్యాన్ని ఎవరూ చదవను కూడా చదవలేదు. ఒడీల్ వాళ్ళందర్నీ చూస్తూ కాఫీ తాగింది. ఇలాంటి చవటలను నెత్తిన పెట్టుకుని కూడా గెలవగలిగేది తనొక్కతే అని ఆమె నమ్మకం.

పక్క బల్ల దగ్గర మిరేయా సాల్తెన్యాల డబ్బా, అంటే తన దేశపు రసం కారే మాంసం కజ్జికాయల డబ్బా, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒడీల్ ఆమెకు పరిశీలకురాలి బ్యాడ్జి ఇప్పించింది. ఆ బ్యాడ్జి ఉన్నవాళ్ళు లోపలికి రావచ్చు, కూర్చోవచ్చు, వినవచ్చు. మైకు మాత్రం ఇవ్వరు.

"ఇంతసేపు మాట్లాడారు, మన వాక్యం ఎత్తలేదే?" అంది మిరేయా.

"అడుగున ఉంది. కూరలో ముక్కలు ఎప్పుడూ అడుగునే ఉంటాయి," అని ఒడీల్ గొంతు తగ్గించి మేక సంగతి చెప్పింది. సొంతవాళ్ళకు చెప్పకూడని సంగతి. కానీ మిరేయా ఈ మందలో మనిషి కాదు కదా.

మిరేయా సాల్తెన్యాను కారకుండా ఓ పక్క నుంచి జాగ్రత్తగా కొరికింది. "మా ఊళ్ళో కోద్దామని గొర్రెపిల్లను తెస్తాం. పెద్దవాళ్ళు ఆదమరిస్తే పిల్లలు దానికి పేరు పెట్టేస్తారు. పేరు పెట్టాక ఇంక కొయ్యనివ్వరు. మీ పిల్లలు దానికి పేరు పెట్టేస్తున్నారు, చూసుకోండి," అంది.

"వీళ్ళా? వీళ్ళకంత శక్తి లేదు," అంది ఒడీల్.

వారం గడిచేసరికి ఆ శక్తి ఉందని తేలింది. కూటమివాళ్ళు 'మానవాళి సొత్తు' అని చొక్కాలు అచ్చు వేయించారు. పాట కట్టారు. సదస్సు భవనం ముందు చలిలో నిలబడి ఆ పాట పాడి, వీడియో తీసి, దాన్ని మళ్ళీ వాళ్ళే చూసుకున్నారు. ఒడీల్ రోజూ సభలో లేచి మేక కోసం బల్ల గుద్దింది. ఎంత బాగా గుద్దిందంటే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటే ఆమెకు లోపల ఎక్కడో చల్లగా ఉండేది. అది చూసుకోవలసిన గుర్తు. ఆమె చూసుకోలేదు.

ఆఖరి రోజు ముందు సాయంత్రం టీ దగ్గర డెస్మండ్ టార్ల్‌టన్ ఎదురయ్యాడు. పేర్లమ్మే కంపెనీల సంఘానికి లాయరు. సన్నగా, శుభ్రంగా, ఎవరింట్లో చావుకు వచ్చినా సరిపోయే మొహంతో ఉంటాడు.

"మేడమ్ పెరూషూ, మీ మానవాళి మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదండీ."

"నిద్రపోకండి. మీరు నిద్రపోయిన రోజు లోకానికి మంచిది, మాకు పని ఉండదు."

"మరీ అంత పట్టుదలా? ఏదో ఒకటి వదలరా?"

"పీక కోసినా వదలం," అంది ఒడీల్. అంటూనే, రేపు పొద్దున తను ఎలా నిట్టూర్చాలో, ఎక్కడ ఆగాలో, మేకను ఇచ్చి చిన్న వాక్యాన్ని ఎలా అడగాలో మనసులో వల్లె వేసుకుంది. టార్ల్‌టన్ కప్పు అక్కడ పెట్టి మర్యాదగా తల వంచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున సభలో అధ్యక్షుడు ఎచెగారాయ్ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే టార్ల్‌టన్ తన పేరుపలక నిలబెట్టాడు. మాట్లాడాలనుకున్నవాళ్ళు పలక నిలబెట్టాలి.

"అధ్యక్షా, రాత్రంతా ఆలోచించాం," అన్నాడు. "పౌరసంఘాల ఆవేదన మా గుండెల్ని తాకింది. ఇంటర్నెట్ సమస్త మానవాళి సొత్తన్న వాక్యాన్ని మా సంఘం ఒక్క అక్షరం మార్చకుండా ఒప్పుకుంటోంది. ఇంత గొప్ప మాట పక్కన సైటు పేర్లు, రాసి ఇవ్వడాలు, ఇలాంటి గుమాస్తా పనుల వాక్యం ఒకటుంది. అది ఈ ప్రకటన స్థాయికి తగదేమో. దాన్ని తీసేస్తే మా వైపు ఏ అడ్డూ లేదు."

ప్రభుత్వాల వైపు నుంచి ఒక్కొక్కరే తలూపారు. ఎందుకూపరు? సమస్త మానవాళి చేతిలో ఉండాలన్న దాన్ని ఎవరు అమలు చేయాలి, ఎప్పుడు చేయాలి, చేయకపోతే ఎవర్నడగాలి? మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. చిన్న వాక్యమైతే మర్నాడు పొద్దున్నే ఎవడో ఒక గుమాస్తా కూర్చుని ఫలానా వీధి, ఫలానా అంతస్తు, ఫలానా దొరగారు అని రాసి ఇవ్వాల్సి వచ్చేది. ముప్పై ఏళ్ళు మేకలు మేపిన ఒడీల్‌కు ఆ క్షణంలో అర్థమైంది. అందరికన్నా పెద్ద వాక్యమే అందరికన్నా చవకది. టార్ల్‌టన్ ఆ సంగతి చూశాడు, తను చూడలేదు.

ఆమె చేయి పలక మీదికి వెళ్ళేలోపే పక్కన రూపర్ట్ లేచి నిలబడ్డాడు. కూటమి మొత్తం లేచింది. ఒకరినొకరు వాటేసుకున్నారు. తిమింగలాల ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒడీల్ పలక నిలబెట్టింది గానీ, ఆ లేచిన ఒళ్ళ మధ్య అది అధ్యక్షుడికి కనిపించలేదు. తెర మీద పెద్ద వాక్యం బ్రాకెట్లు ఊడాయి. చిన్న వాక్యం మీద నీలిరంగు పరుచుకుంది, తర్వాత ఆ చోట ఏమీ లేదు.

విరామంలో ఆమె రూపర్ట్‌ను నడవాలోకి లాక్కెళ్ళింది.

"దాన్ని ఒప్పుకోకూడదు. చివరి సభలో పడదనాలి మనం."

"ఏది పడదు?"

"మానవాళి. అది మేక, రూపర్ట్. ఇచ్చేయడానికి రాశాను. ట్రామ్‌లో రాశాను."

రూపర్ట్ ఆమెను జాలిగా చూశాడు. "అలసిపోయావు, ఒడీల్."

"అలసిపోలేదు. బోల్తా పడ్డాను. మనకు కావలసింది రెండోది."

"రెండోది ఏంటి?" అన్నాడు. అతనికి నిజంగానే తెలియదు. ఆమె చెప్పాక, "మంచిదే, కాదనను," అన్నాడు. "వచ్చే ఏడు పెట్టుకుందాం. ఇప్పుడు నువ్వు లేచి, మానవాళి సొత్తు అని మేం రాసింది మాకే నచ్చలేదంటే, బయట చొక్కాలేసుకుని నిలబడ్డవాళ్ళకు ఏం చెప్తావు? నటించానని చెప్తావా? మా సంస్థ పెద్దలకు నేనేం చెప్పను?"

ఒడీల్ అతని మోచెయ్యి వదిలేసింది. నటించానని ఎవరితోనైనా చెప్పుకోవడం ఆమెకు తల తీసేసినట్టే. అందర్నీ వెధవలనుకుంటూ బతికిన మనిషికి, అందరి ముందూ తనే పెద్ద వెధవనని ఒప్పుకోవడం చేతకాదు.

మిరేయా నడవా చివర కిటికీ దగ్గర నిలబడి ఉంది. తెర మీద జరిగింది ఆమె కూడా చూసింది.

"మన వాక్యం తీసేశారు," అంది.

"తీసేశారు. కానీ అయిపోలేదు. మధ్యాహ్నం అధ్యక్షుడు అడుగుతాడు, మింగుడు పడుతుందా అని. మా కూటమి పడదంటే మొత్తం ఆగుతుంది. అప్పుడు మళ్ళీ బేరానికి రావాల్సిందే వాళ్ళు. పడదంటాను."

"అంటారా?"

"అంటానన్నానుగా."

"నెలిదా ఫోన్ ఎత్తడం లేదు, దోన్యా ఒడీల్. ఆ ముగ్గురిలో ఒకతె. మూడు రోజులైంది. వాళ్ళింటికే వెళ్దామంటే, ఫిర్యాదు చేసింది ఆ ఇంటాయనేనో కాదో తెలీదు. కాకపోతే నేను వెళ్ళడం వల్లే దాని పని ఊడుతుంది."

"అంటాను, మిరేయా," అంది ఒడీల్. ఆ మాట అన్నప్పుడు ఆమె నిజంగానే అనుకుంది. ఆ ఒక్కటీ ఆమె లెక్కలో వేయాల్సిందే.

మధ్యాహ్నం భోజనం దగ్గర కూటమి పండగ చేసుకుంది. ఎప్పుడో ఊరి మీదికొచ్చిన శత్రువుల్ని సూప్ కుండతో తరిమిన గుర్తుగా చేసుకునే ఎస్కలాడ్ పండగ వారం కాబట్టి చాక్లెట్ కుండ తెప్పించారు. అందులో బాదం ముద్దతో చేసిన క్యారెట్లూ దుంపలూ. కుండను వయసులో అందరికన్నా పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ కలిసి పగలగొట్టాలి. పెద్ద ఒడీలే. "రిపబ్లిక్ శత్రువులు ఇలాగే నశించారు" అని అరుస్తూ ఆమె చేతిని పట్టుకుని కుండ మీద గుద్దించారు. ఎవరో ఆమెకు చాక్లెట్ ముక్క నోట్లో పెట్టారు. ఎవరో, "మానవాళి తల్లి" అన్నారు. ఎంత చవకబారు మాట అనుకుంటూనే ఆమె దాన్ని మరోసారి మనసులో అనుకుంది.

టార్ల్‌టన్ తన పళ్ళెంతో అటుగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈ వాక్యాన్ని అమలు చేయాలంటే ఒక మండలి కావాలి కదండీ. ఐదేళ్ళో, పదేళ్ళో ఆలోచించాల్సిన పని. ప్రభుత్వాలవాళ్ళతో మాట్లాడాను. దానికి అధ్యక్షత వహించడానికి, రాసినావిడ ఉండగా ఇంకొకరెందుకన్నారు."

"లంచమా?"

"గౌరవమండీ. మీ ఆఫీసు కూడా కారూజ్ నుంచి సరస్సు ఒడ్డుకి మారుతుంది."

ఛీ అనాలనిపించింది ఆమెకు. అనలేదు. తను ఆ మండలిలో ఉంటే చిన్న వాక్యాన్ని దొడ్డిదారిన తేవచ్చు కదా అని ఒక ఆలోచన వచ్చింది. ఎంత తొందరగా వచ్చిందో, ఎంత చక్కగా తలదువ్వుకుని వచ్చిందో. రూపర్ట్ లాంటివాళ్ళ నోట అలాంటి ఆలోచనలు విని ఎన్నిసార్లు పగలబడి నవ్విందో ఆమెకే తెలుసు. ఇప్పుడు నవ్వు రాలేదు. మనం బయట ఉండి అరిచేకన్నా లోపల ఉండి మెల్లగా చెప్పడం మేలు కాదా అని తనకు తనే చెప్పుకుంది, వాళ్ళు చెప్పుకునే మాటల్లోనే.

చివరి సభకు హాలు నిండిపోయింది. ఒడీల్ ముందు వరసలో తన మైకు దగ్గర కూర్చుంది. వెనకే, ఆమె భుజం మీదుగా వంగితే మైకు అందేంత దగ్గరలో, పరిశీలకుల వరసలో మిరేయా కూర్చుంది. ఎచెగారాయ్ ప్రకటన మొత్తం చదివాడు. మానవాళి దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచి, ఒడీల్ వైపు తలవంచాడు కూడా.

"ఇది అందరికీ మింగుడు పడుతుందా?" అన్నాడు. "ప్రభుత్వాలు?"

నిశ్శబ్దం.

"కంపెనీలు?"

నిశ్శబ్దం.

"మామూలుగా అయితే ఇక్కడే సుత్తి కొట్టాలి. కానీ ఈ ప్రకటనకు గుండెకాయ పౌరసంఘాలు ఇచ్చిన వాక్యం. అందుకని వాళ్ళ మాట చెవులారా వింటాం. మేడమ్ పెరూషూ."

ఒడీల్ మైకు బొత్తాం నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. హాలంతా ఆమె ఊపిరి వినిపించింది. ఒక్క మాట చాలు. పడదు. నోటిదాకా వచ్చింది కూడా. దాని వెనకే, ఎందుకు పడదని వాళ్ళు అడగడం, తను మేక సంగతి చెప్పడం, రూపర్ట్ మొహం, హాలంతా కిసుక్కుమని నవ్వడం, అన్నీ కనిపించాయి. ఆమెకు భయమేసింది. నెలిదా కోసం కాదు. తన పరువు కోసం, ఇంకా పుట్టని ఒక మండలి కోసం.

"అధ్యక్షా, పౌరసమాజం తరఫున..." అని ఆగింది.

ఆ ఆగడంలోనే మిరేయాకు అంతా తెలిసిపోయింది. ఆమె లేచి, ఒడీల్ భుజం మీదుగా మైకు మీదికి వంగింది.

"నాకు పడదు," అంది, యాసతో, గట్టిగా. "నా పేరు మిరేయా తికోనా. ఈ ఊళ్ళో మా రేడియోని..."

ఒడీల్ వేలు బొత్తాం నొక్కింది. ఎర్ర దీపం ఆరిపోయింది. తన వేలే ఆ పని చేసిందని ఆమె చూస్తూనే ఉంది. మిరేయా ఇంకా మాట్లాడుతూనే ఉంది. వీధి పేరు, అంతస్తు, ముగ్గురు ఆడవాళ్ళు, అంతా చెప్పింది. ఆ పెద్ద హాల్లో అది పక్కనున్న నలుగురికి తప్ప ఎవరికీ వినబడలేదు. ఆ నలుగురూ తమ కాగితాలు చూసుకున్నారు.

"పరిశీలకుల మాటలు నమోదు కావు," అన్నాడు ఎచెగారాయ్, మర్యాదగానే. "మేడమ్ పెరూషూ, మీ వాక్యం పూర్తి చేస్తారా?"

మిరేయా నోరు మూసే దాకా ఒడీల్ ఆగింది. మళ్ళీ బొత్తాం నొక్కింది.

"పౌరసమాజానికి అభ్యంతరం లేదు," అంది.

సుత్తి పడింది. హాలంతా లేచింది. చొక్కాలవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఆ గోలలో మిరేయా తన కోటు తీసుకుని, తొడుక్కుని, బ్యాడ్జి మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఒడీల్ చెవి దగ్గరికి వంగింది. గొంతులో కోపం కూడా లేదు.

"మా రేడియో ఆపించింది ఎవరో ఇంకా తెలీదు, దోన్యా ఒడీల్. నా మైకు ఆపింది ఎవరో చూశాను. ఎందుకో రాసి ఇస్తారా?"

జవాబు కోసం ఆమె ఒక క్షణం నిజంగానే నిలబడింది. తర్వాత జనాన్ని తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. రూపర్ట్ వచ్చి ఒడీల్ భుజం పట్టుకుని లేపాడు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు, ఆమె కోసమే చప్పట్లు కొడుతున్నారు. ఒడీల్ లేచి నిలబడి, తనూ చప్పట్లు కొట్టింది.